రెండూ రాయమన్న సారు

ఆయన పోయారన్న సంగతి నాకు ఫోనులో తెలిసింది. చేసినవాడు నాకంటే రెండేళ్ళు వెనక ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు ఖమ్మంలో సొంతంగా కాలేజీ నడుపుకుంటున్న మనిషి.

"మేడమ్, ఆదివారం సంతాప సభ పెట్టినం. మీరొచ్చి రెండు ముక్కలు మాట్లాడాలె. సార్ శిష్యులల్ల లెక్కల లైన్లకొచ్చిన ఆడోళ్ళు మీరొక్కరే."

"నేను రాను."

"ఒంట్ల బాగలేదా?"

"బాగానే ఉంది. రాను."

"పోయినాయన మీద ఇంకేంది మేడమ్" అని ఫోను పెట్టేశాడు.

ఒంట్లో బాగాలేదంటే సరిపోయేది. ఆయన విషయంలో ఇంకో అబద్ధం ఆడటానికి మనసొప్పలేదు. సభలో ఏం మాట్లాడతారో నాకు తెలుసు. గణితశాస్త్రానికి తీరని లోటంటారు. అడవి అంచు జిల్లాలో అక్షరదీపం వెలిగించాడంటారు. వాటి మధ్యన కూర్చుని నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నాకు తెలిసింది ఇక్కడే రాస్తాను. పేరు మాత్రం రాయను. ఆ పేరు చాలా ఏళ్ళపాటు ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ పుస్తకం అట్ట మీద కనపడింది. ఇక చాలు.

ఆయన్ని తలచుకోగానే నాకు ముందు గుర్తొచ్చేది ముక్కుపొడుం. జేబులో చిన్న తగరపు డబ్బీ ఉండేది. మూత మీద గోటితో టకటక కొట్టి, చిటికెడు తీసి, క్లాసంతా ఎదురుచూస్తుండగా ఎడమ ముక్కులో, తర్వాత కుడి ముక్కులో నింపుకునేవాడు. కళ్ళు మూసుకుని తుమ్ము కోసం ఆగేవాడు. తుమ్ము వస్తే వచ్చేది, రాకపోతే మళ్ళీ డబ్బీ తీసేవాడు. బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ గోధుమరంగులో ఉండేవి. అవే వేళ్ళు నాలిక మీద తడుపుకుని మా రికార్డుల పేజీలు తిప్పేవాడు. డస్టరు వాడడు. బోర్డును అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి ముందు బెంచీలో కూర్చున్నవాడి భుజానికి రాసి, "ఇప్పుడు చెప్పు" అనేవాడు. ముందు బెంచీలో మగపిల్లలు తెల్లచొక్కా వేసుకొచ్చేవాళ్ళు కాదు.

డెబ్బైల మొదట్లో నేను మధిర నుంచి రోజూ పాసింజరు బండిలో ఖమ్మం వచ్చి బీయస్సీ చదివాను. క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే ఉండేవాళ్ళం. బండి తరచూ ఆలస్యమయ్యేది. నేను గుమ్మం దగ్గర నిలబడగానే ఆయన రాస్తున్న సుద్దముక్క ఆపి, "బండి లేటా? సరే కూసో. మొదట్నుంచి చెప్త" అనేవాడు. నిజంగానే మొదటి నుంచి చెప్పేవాడు. వెనక బెంచీలు గొణిగేవి. ఆయన పట్టించుకునేవాడు కాదు. రెండోసారి చెప్పినప్పుడు మొదటిసారి చెప్పినట్టు చెప్పేవాడు కాదు. ఇంకో దారిన వచ్చేవాడు. రెండుసార్లూ విన్నవాళ్ళకే లాభమని తర్వాత అందరికీ అర్థమైంది. ముక్కుపొడుం వాసనని ఓర్చుకున్నది అందుకే. నేను లెక్కలు చెప్పుకుని బతకాలనుకున్నదీ అందుకే. ఇది చెప్పకపోతే తరవాతి సంగతి సరిగ్గా తెలియదు.

నేను ఎమ్మెస్సీకి హైదరాబాదు వెళ్ళిన కాలంలో ఆయన పుస్తకం రాశాడు. ఇంటర్మీడియట్ పిల్లలకు తెలుగులో లెక్కల పుస్తకాలు సరిగ్గా లేని రోజులు అవి. ఒక ప్రచురణకర్త పట్టుబట్టి రాయించాడు. ఆ పుస్తకం అన్ని కాలేజీల్లోకీ వెళ్ళింది. అట్ట మీద పేరుకు ముందు ప్రొఫెసర్ అని వేశారు. అప్పటికి ఆయన మామూలు లెక్చరరే. అట్ట మీద పడ్డాక ఊరంతా ప్రొఫెసర్ అనే పిలిచింది, ఆయన కాదనలేదు. ఆ తర్వాత సిలబస్ కమిటీలు, పేపర్ సెట్టింగులు, వాల్యుయేషన్ క్యాంపులు వరసగా వచ్చాయి. ఎవరేం అడిగినా ఆయన నోట ఒకటే మాట: "పుస్తకంల ఉంది చూస్కో." చదువు ముగించుకుని వచ్చి ఒకరోజు ఆయన క్లాసులో వెనక కూర్చున్నాను. ఒక పిల్లవాడు నిలబడి సందేహం అడిగాడు. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఏ పేజీల ఉందో తెల్సా?"

"తెల్సు సార్. చదివిన. సమజ్ కాలే."

"ఇంకోసారి చదువు."

అంతే. మొదట్నుంచి చెప్త అన్న మనిషి ఎక్కడికి పోయాడో తెలియదు. బయటికి వచ్చాక నాతో నవ్వుతూ, "ప్రిస్క్రైబ్ అయినదే లెక్కమ్మా. మిగతాదంత టైంపాస్" అన్నాడు. పెద్దాయన అలసిపోయాడేమో అనుకున్నాను. అలసట కాదది. పెత్తనం రుచి మరిగాడు.

ఎనభైల్లో నేను భద్రాచలం జూనియర్ కాలేజీలో పనిచేశాను. ఖమ్మంలో మీటింగులకు వెళ్ళినప్పుడల్లా ఆయన ఎదురుపడేవాడు. చుట్టూ పదిమంది లెక్చరర్లు. ఒకరు సంచీ పట్టుకునేవారు, ఒకరు గొడుగు పట్టేవారు. తన కాలేజీని పేపర్లు దిద్దే స్పాట్ సెంటర్ చేయించుకోవాలని ఒకరు, పేపర్ సెట్టింగులో పేరు పడాలని ఇంకొకరు. మధిర వైపు వాళ్ళు మామిడిపళ్ళు తెచ్చేవాళ్ళు, కల్లూరు వైపు వాళ్ళు నెయ్యి. నన్ను చూడగానే ఎలా ఉన్నావని అడిగేవాడు కాదు. "తేనె తెచ్చినవా?" అనేవాడు. భద్రాచలం అడవి తేనె. ఒకసారి ఎవరో తెచ్చిన సీసా మూత అక్కడికక్కడే తీయించి, ఆ గోధుమరంగు వేలే అందులో ముంచి చప్పరించాడు. మళ్ళీ ముంచాడు. "ఇది బెల్లం పాకం కలిపిన్రు" అని సీసా పక్కనున్నాయన చేతిలో పెట్టి, ఇంటికి పంపమన్నాడు. కలిపిందైనా వదలలేదు.

ఇంతవరకైతే ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారని సరిపెట్టుకునేదాన్ని. సమ్మక్క వచ్చాక అది కుదరలేదు.

సమ్మక్క చర్ల దారిలో లోపలికి పోతే వచ్చే కోయ ఊరి పిల్ల. గిరిజన బాలికల హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. ఆ హాస్టలు నుంచి లెక్కల గ్రూపు తీసుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. అసాధారణమైన తెలివని చెప్పను. తెలుగు పుస్తకభాష ఆమెకు కష్టంగా ఉండేది, లెక్క అర్థమయ్యేది గాని ప్రశ్న అర్థమయ్యేది కాదు. కాని ఒక అలవాటుంది. జవాబు వచ్చాక కలం కింద పెట్టేది కాదు. ఆ జవాబును మళ్ళీ లెక్కలో పెట్టి, కుదిరిందో లేదో చూసేది. ఎవరు నేర్పారని అడిగితే, "మా ఊరి రోడ్డుకు సర్వే చేసేటోళ్ళు గట్లనే చేసిన్రు మేడమ్. ఇటు నుంచి కొలిచి, మళ్ళ అటు నుంచి కొలిచిన్రు" అంది. ఆ సర్వే సగంలో ఆగిపోయింది, రోడ్డు రాలేదు. పెద్దయ్యాక తను ఆ సర్వేవాళ్ళ కొలత గొలుసు పట్టుకోవాలని ఆమె ఆశ. ఇంజనీరింగ్ ఎంట్రన్సుకి నేనే అప్లికేషన్ పెట్టించాను.

ఒకరోజు క్లాసయ్యాక పుస్తకం పట్టుకుని వచ్చింది.

"మేడమ్, గీ లెక్కల రెండు వేస్తే కుదర్తలేదు."

చేసి చూపించిన లెక్క అది, ఆయన పుస్తకంలోది. ఒక సంఖ్యకు ఏడు కలిపి వర్గమూలం తీస్తే, ఆ సంఖ్యలోంచి ఐదు తీసేసినంత వస్తుంది. ఆ సంఖ్య ఏది? రెండు వైపులా వర్గం చేసి సాధిస్తే రెండు, తొమ్మిది అని వస్తాయి. పుస్తకంలో జవాబు అలాగే ఉంది. తొమ్మిది వేసి చూడండి: పదహారుకు వర్గమూలం నాలుగు, తొమ్మిదిలోంచి ఐదు పోతే నాలుగు. కుదిరింది. రెండు వేస్తే ఇటు మూడు వస్తుంది, అటు మైనస్ మూడు వస్తుంది. కుదరదు. జవాబు తొమ్మిది ఒక్కటే. ఎవరైనా ఒక్కసారి వెనక్కి వేసి చూస్తే తెలిసే తప్పు. నేను ఆ లెక్కను ఇంట్లో చదువుకోమని పిల్లలకు వదిలేసేదాన్ని, బోర్డు మీద ఎప్పుడూ చెయ్యలేదు. ఇన్ని కాలేజీల్లో ఇంతమంది చెప్పారు, ఎవరికీ కనపడలేదా అనుకున్నాను. అచ్చుతప్పై ఉంటుంది, చెబితే సారు సంతోషిస్తారు అని కూడా అనుకున్నాను.

ఆ చలికాలం ఖమ్మంలో ఆటల పోటీలు జరిగాయి. సమ్మక్క ఖోఖో జట్టులో ఉంది, పిల్లల వెంట నేను వెళ్ళాను. సాయంత్రం ఆమెను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఇచ్చిందని ఒక చిన్న సీసాలో తేనె కూడా తెచ్చింది. ఆయన వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. సీసా అందుకుని, మూత తీసి, వేలు ముంచి చప్పరించి, "ఇది అసలుది" అన్నాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"ఎవరమ్మా?"

"మా స్టూడెంట్ సార్. చర్ల వైపు."

"కోయోళ్ళా? లెక్కల గ్రూపెందుకు తీస్కున్నవే? ఇప్పపువ్వు ఏరుకునేటందుకు ఇంత లెక్క కావాల్నా?" అని తనే నవ్వాడు.

సమ్మక్క నవ్వలేదు. కోపగించుకోలేదు కూడా. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. "సార్, గీడ రెండు వెయ్యున్రి" అంది.

ఆయన పుస్తకం వైపు చూడలేదు. డబ్బీ తీసి మూత మీద కొట్టాడు. చిటికెడు పీల్చి, తుమ్మి, ధోవతి కొంగుతో ముక్కు తుడుచుకున్నాడు. అప్పుడు చూశాను, ఆ ముఖంలో ఎక్కడో పాత మనిషి కదిలాడు. కుర్చీలోంచి లేచాడు.

"ఇటు చూడు పిల్లా" అన్నాడు. వరండా మధ్యలో నిలబడి ఎడమవైపు మూడడుగులు వేశాడు. వెనక్కి వచ్చి కుడివైపు మూడడుగులు వేశాడు. "ఇద్దరు మనుషులు. ఒకడు ఇటు పోయిండు, ఒకడు అటు పోయిండు. ఎంత దూరం పోయిన్రని అడుగు. ఏం చెప్తరు?"

"మూడంటరు."

"ఇద్దరు ఒక్కటే చెప్తరు. ఏ దిక్కు పోయిన్రని అడిగితేనే తేడా దొర్కుతది. వర్గం చేసుడంటే ఏంది? దిక్కును మర్చిపోవుడు. దూరమొక్కటే మిగుల్తది. నువ్వు వర్గం చెయ్యంగనే అటు పోయినోడు గూడ ఇటు పోయినోని లెక్క వచ్చి ఇంట్ల కూసుంటడు. అందుకే ఆఖర్న వెనక్కి పోయి, నువ్వు ఏ దిక్కు నుంచి వచ్చినవని ఒక్కొక్కని అడగాలె. తొమ్మిదిని అడిగితే సక్కగ చెప్తది. రెండును అడిగితే దొరికిపోతది."

సమ్మక్క ముఖం విప్పారింది. నాదీ అంతే. నేను ఎమ్మెస్సీ చదివాను, అప్పటికి చాలా ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఈ సంగతిని ఇంత తేటగా ఎవరూ చెప్పగా వినలేదు. అడుగు వేసి చూపించాడు ఆయన. ఆ వయసులో ఆ బరువు శరీరంతో లేచి నిలబడి నడిచాడు.

"అయితే పుస్తకంలో తప్పే కదండి" అన్నాను.

"తప్పే. అచ్చయి రాంగనే చూసిన."

"మరి మార్చలేదేం సార్?"

మళ్ళీ కుర్చీలో పడ్డాడు. "ఏం మాట్లాడుతున్నవమ్మా? తప్పుందని నేనే చెప్తే రేపు ఇంకొకడు లేస్తడు, పుస్తకం మార్చాలె అంటడు. నా పుస్తకం కోసం కాసుకొని కూసున్నోళ్ళు ఎంతమంది ఉన్నరో నీకు తెల్వదు." తర్వాత సమ్మక్క వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, "అర్థమైంది గద. పరీక్షల మాత్రం రెండూ రాయి. రెండూ రాస్తే మార్కులొస్తయ్" అన్నాడు.

లోపల్నుంచి ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. నాకు స్టీలు గ్లాసులో ఇచ్చింది. సమ్మక్కకు గాజు గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది. ఇద్దరం తాగకుండానే లేచాం.

తెలియనివాణ్ణి చూసి నవ్వుకోవచ్చు, గర్విష్టిని చూసి ఊరుకోవచ్చు. కళ్ళముందు నిజాన్ని అంత అందంగా విప్పి చూపించి, అదే నోటితో, అదే ఊపిరిలో, దాన్ని రాయొద్దని ఒక పిల్లకు చెప్పడాన్ని నేను తట్టుకోలేకపోయాను. ముక్కుపొడుం వేళ్ళను చూసినప్పుడు కలిగిన అసహ్యం శుభ్రంగా ఉన్నట్టనిపించింది దాని ముందు.

ఆ ఏడు పబ్లిక్ పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. అంకెలు కూడా మార్చలేదు. పేపరు ఎవరు సెట్ చేశారో చెప్పనక్కర్లేదు. హాల్లోంచి వచ్చిన సమ్మక్కను అడిగాను.

"తొమ్మిదే రాసిన. రెండు ఎందుకు కాదో గూడ రాసిన. సార్ చెప్పినట్టే రాసిన" అంది.

ఎండాకాలం ఖమ్మంలో స్పాట్ వాల్యుయేషన్. పెద్ద హాలు, పైన ఫ్యాన్లు వేడిగాలిని కిందకి తోస్తున్నాయి. జిల్లా లెక్కల లెక్చరర్లందరం ఉన్నాం. ఆయన చీఫ్ ఎగ్జామినర్. ముందు నిలబడి జవాబుల కీ చదివాడు.

"నాలుగో లెక్క. జవాబు రెండు, తొమ్మిది. రెండూ ఉంటేనే ఫుల్ మార్కులు. ఒక్కటే రాసినోడు లెక్క పూర్తి చెయ్యనట్టు. ఏం ఇయ్యకున్రి."

నేను లేచాను. "సార్, రెండు జవాబు కాదండి. తొమ్మిది ఒక్కటే."

"ఏంది?"

"వెనక్కి వేస్తే కుదరదు. మీకు తెలుసు సార్."

ఆయన నా వైపు సుద్దముక్క చాచాడు. "బోర్డు మీద చెయ్యి. అందరు చూస్తరు."

వెళ్ళి చేశాను. తొమ్మిది వేసి చూపించాను, రెండు వేసి చూపించాను. ఇటు మూడు, అటు మైనస్ మూడు. బోర్డు మీద పక్కపక్కన రాసి వాటి మధ్య సమానం గుర్తు కొట్టేశాను. అక్కడున్న వాళ్ళలో ఎనిమిదో తరగతి లెక్క రానివాడు ఒక్కడూ లేడు.

ఆయన బోర్డు దగ్గరకొచ్చి అరచేత్తో అంతా తుడిచేశాడు. హాలు వైపు తిరిగి, "మేడమ్‌కు ఎండదెబ్బ తగిలినట్టుంది. ఎవరన్న కొంచెం మజ్జిగ తెచ్చియ్యున్రి" అన్నాడు.

నవ్వారు. ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత అందరూ. అటెండరు నిజంగానే మజ్జిగ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సాయంత్రానికి అది అక్కడే పులిసిపోయింది. పక్క కుర్చీ ఆయన మెల్లగా, "మీరన్నది నిజమే మేడమ్. కాని కీ ఇచ్చినంక మనమేం చేస్తం" అన్నాడు. క్యాంపు ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. సబ్జెక్టు సంగతి చీఫ్ చూసుకుంటాడు, నాకు సంబంధం లేదన్నాడు.

నాకిచ్చిన పేపర్ల కట్టల్లో తొమ్మిది ఒక్కటే రాసిన వాళ్ళకు మార్కులు వేశాను. ఆయన నా కట్టలన్నీ తెప్పించుకుని ఎదుట కూర్చున్నాడు. వేలు తడుపుకోవడం, పేజీ తిప్పడం, ఎర్ర ఇంకుతో నా అంకె కొట్టి సున్నా పెట్టడం. పేజీ పేజీకీ అంచున గోధుమరంగు వేలిముద్ర. తొందర లేదు. మధ్యమధ్యన నా వైపు చూసి చిన్నగా నవ్వుతున్నాడు, తప్పు చేసిన సొంత కూతుర్ని దిద్దుతున్నట్టు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనపడుతుంది.

సమ్మక్క లెక్కల్లో తప్పింది. ఆమె పేపరు ఎవరు దిద్దారో తెలియదు. పాసవడానికి తక్కువైన మార్కులు ఆ ఒక్క లెక్కకు వచ్చేవాటికన్నా తక్కువ. ఎంట్రన్సులో కోటా కింద సీటు వచ్చే ర్యాంకే తెచ్చుకుంది, కాని ఇంటర్ తప్పినవాళ్ళకు సీటు ఎవరిస్తారు? మార్కుల మెమో తీసుకోవడానికి వచ్చినరోజు వరండాలో నా పక్కన నిలబడింది.

"గా లెక్కనే గద మేడమ్?"

"అదే అయ్యుంటుంది."

"సార్‌కు తెల్సు గద."

"తెలుసు."

సప్లిమెంటరీ రాసి, వచ్చే ఏడు మళ్ళీ ఎంట్రన్సు రాయమన్నాను. "హాస్టల్ల ఉండనియ్యరు గద మేడమ్. మా ఊళ్ళె కూసొని ఏం చదువుత" అంది. నా గదిలో ఉండి చదువుకోమన్నాను. కొన్నాళ్ళు ఉంది. ఈలోపు వాళ్ళ నాన్న జ్వరంతో మంచాన పడ్డాడు, ఇంటికి పోయింది. వాన నీళ్ళు దారులు కట్టేసిన రోజుల్లో, వాగులు దాటుకుంటూ వచ్చి సప్లిమెంటరీ రాసి పాసైంది. అప్పటికి ఆ ఏడు సీట్లు అయిపోయాయి. మరుసటి ఏడు ఎంట్రన్సు రాయలేదు. టీచర్ ట్రైనింగులో చేరింది. తర్వాత దుమ్ముగూడెం అవతల ఆశ్రమ పాఠశాలలో టీచరైంది. అది చిన్న ఉద్యోగమని నేననను. ఆమె అక్కడ పిల్లల్ని వరండాలో నడిపించి కూడికలు, తీసివేతలు నేర్పుతుందట. ఎడమకు ఇన్ని అడుగులు, కుడికి ఇన్ని అడుగులు. "సార్ చెప్పినట్టే చెప్త మేడమ్. జల్దీ అర్థమైతది పిల్లలకు" అంది ఒకసారి. ఆ మాట విని ఆయన మీద నా మనసు కొంచెమైనా మెత్తబడాలి. మెత్తబడలేదు. అంత చెప్పగలిగినవాడు, జీవితంలో ముప్పాతిక భాగం చెప్పకుండా కూర్చున్నాడని మండింది.

తొంభైల మొదట్లో ఆయన రిటైరయ్యాడు. ఖమ్మంలో కల్యాణమండపం తీసుకుని పెద్ద సన్మానం పెట్టారు. నాకు ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ దిక్కు నుంచి ఒక ట్రైబల్ అమ్మాయిని తీస్కరావాలె. స్టేజి మీద సార్‌కు శాలువా కప్పితే బాగుంటది" అన్నారు. ఆ మాట సమ్మక్కకు చెప్పాను. నీ ఇష్టమన్నాను. కొంచెం ఆలోచించి, "వస్త" అంది.

గుమ్మం దగ్గర వచ్చినవాళ్ళందరికీ ఒక సంచీ ఇచ్చారు. అందులో మిఠాయి పొట్లం, ఆయన పుస్తకం కొత్త ఎడిషను ఉన్నాయి. సభ మొదలవడానికి ఇంకా టైముంది. కూర్చుని ఆ లెక్కున్న పేజీ తీశాను. సరిదిద్దాడు. జవాబు తొమ్మిది. కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక: 'రెండును కూడా జవాబుగా రాయడం విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాటు. ఉపాధ్యాయులు ఈ విషయంలో జాగ్రత్త వహించాలి.'

పుస్తకం సమ్మక్క ఒళ్ళో పెట్టాను. ఆమె నెమ్మదిగా చదివింది, మళ్ళీ చదివింది.

"పిల్లలు చేసే తప్పంట" అంది.

స్టేజి మీద ఆయన పెద్ద కుర్చీలో కూర్చున్నాడు, మెడ నిండా బంతిపూల దండలు. ముక్కుపొడుం పీల్చలేక ఇబ్బంది పడుతున్నాడు, దండల అడుగునుంచి చెయ్యి జేబులోకి పోతోంది, వస్తోంది. వక్తలు ఒక్కొక్కరే లేచారు. అడవిబిడ్డలకు గణితభిక్ష పెట్టిన మహనీయుడన్నాడు ఒకాయన. అప్పుడు సమ్మక్కను పిలిచారు. ఆమె వెళ్ళి శాలువా కప్పింది. రెండు మాటలు చెప్పమ్మా అని మైకు ముందుకి తోశారు.

ఆమె మైకు ముందు నిలబడి క్లాసులో చెప్పినట్టే చెప్పింది. గొంతు పెంచలేదు.

"నమస్కారం. సార్ నాకు ఒక్క లెక్కనే చెప్పిండు. శాన మంచిగ చెప్పిండు. గంత మంచిగ ఎవరు చెప్పలే. చెప్పి, పరీక్షల తప్పు రాయమన్నడు. నేను రాయలే. ఫెయిలయిన. ఇప్పుడు కొత్త పుస్తకంల గా తప్పు పిల్లలు చేస్తరని రాసిన్రు. పిల్లలు చెయ్యలే. నమస్కారం."

ముందు వరసలో ఎవరో దగ్గారు. స్పాట్ హాల్లో నేను తప్ప ఇన్నేళ్ళుగా ఎవరూ ఆ మనిషి ముఖం మీద ఆ మాట అనలేదు. ఇప్పుడేం చేస్తాడా అని చూశాను. ఒక్క క్షణం ఆ ముఖంలో నిజంగా ఏదో కదిలింది. ఇప్పుడైనా నోరు తెరిచి అవునంటాడేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ఆశపడ్డాను.

ఆయన లేచాడు. నవ్వుతూ మైకు అందుకున్నాడు. రెండో చెయ్యి సమ్మక్క తల మీద పెట్టాడు.

"ఇన్నరా? అడవిల పుట్టిన పిల్ల, గింతమంది ముందల గురువును గిట్ల నిలదీస్తాంది. ఎవరు నేర్పిన్రు ఈ ధైర్యం? లెక్కలు నేర్పినయ్. నేను తయారు చేసిన శిష్యులు గిట్లుంటరు. నాకు అసలు సన్మానం గిదే."

చప్పట్లు. ముందు నుంచి వెనకదాకా, లేచి నిలబడి మరీ కొట్టారు. ఆయన ఆ చెయ్యి ఆమె తల మీదనుంచి తియ్యకుండా ఫోటో తీయించుకున్నాడు. ఆమె తప్పుకోవడానికి చూసింది, వేళ్ళు జుట్టులో బిగించి పట్టుకున్నాడు. ఫోటో అయ్యాకే వదిలాడు.

మేం భోజనాలకు ఆగలేదు. భద్రాచలం బస్సు పట్టుకున్నాం. బస్సు కొత్తగూడెం చేరింది. కిటికీలోంచి బొగ్గుధూళి కొట్టుకొస్తోంది. పాల్వంచ దగ్గర బస్సు ఆగినప్పుడు నేనే అన్నాను.

"బాధపడకు. వాళ్ళకు సరిగ్గా వినపడి ఉండదు. మైకు కూడా అంతంతమాత్రమే."

"ఇనపడ్డది మేడమ్" అంది సమ్మక్క. "స్టేజి మీదికెల్లి అందరు కనపడ్తరు. చప్పట్లు కొట్టేటప్పుడు మీ లెక్కల సార్లందరు తలకాయలు కిందికేసుకొని కొట్టిన్రు."